గుండ్లకమ్మకు ఎదురుగా నాలుగు దినములు: దొనకొండ రైతుల నల్లమల యాత్ర

మన పశ్చిమ ప్రకాశం మెట్టలో కళ్లము పనులు ముగిసిన పిదప ఇంటిల్లిపాది బండి కట్టుకొని మహానందికో శ్రీశైలమునకో పోయి వచ్చుట తాతల నాటి అలవాటు. నేడు బండి పోయి బస్సు వచ్చినది. కొండ మాత్రము అదే, దారియు దాదాపు అదే. ఆ దారి పొడవునా మన చేలకు సంబంధించిన సంగతులు ఎన్నియో కలవు. దైవదర్శనపు తొందరలో వాటిని మనము కన్నెత్తి చూడము. ఈ సంవత్సరము దొనకొండ మండలపు రైతులతో మేము చేసిన విజ్ఞాన యాత్రలో ఆ పాత బాటనే పట్టినాము. చూపు మాత్రము నీటిపై నిలిపినాము. వాన ఎచ్చట కురియుచున్నది, ఎచ్చటికి పోవుచున్నది, ఎవరు ఎచ్చట ఆపినారు అనునదే నాలుగు దినములును మా ప్రశ్న.

బస్సులో నలుబది మందికి లోపుగా ఉన్నాము. వారిలో స్త్రీలు తొమ్మండుగురు. ఒక గ్రామ రెవెన్యూ అధికారి, ఒక గ్రామ సర్వేయరు కూడ మాతో వచ్చినారు. రైతు యాత్రలో గ్రామోద్యోగులకేమి పని యని కొందరు అడుగుదురు. చెరువు, వాగు, పోరంబోకు అను మాటలు వచ్చిన చోటనెల్ల వారి పని యున్నది. అది ముందు ముందు తెలియగలదు.

బయలుదేరునపుడే ఒక పెద్దాయన నా ప్రక్కన కూర్చుండి, "సారూ, నా చేలో నాలుగు బోర్లు ఎండిపోయినయ్. అయిదోది ఎయ్యాలో వద్దో తేల్చుకుందామనే బస్సెక్కినా" అన్నాడు. మొదటి బోరు మూడు వందల అడుగులలోపే నీరిచ్చినదట. తరువాతివి ఒకదానికంటె ఒకటి లోతు. నాల్గవదానిలో దుమ్ము తప్ప మరేమియు రాలేదు. అప్పు మాత్రము నాలుగింటిదియు మిగిలినది. బస్సులో సగము మంది కథ ఇంచుమించు ఇదే. కనుక నేను వేరే ఉపన్యాసము తయారుచేసికొనలేదు. ఆయన ప్రశ్ననే నాలుగు దినములు వెంట త్రిప్పినాము.

చందవరము నుండి కంభము దాక

మొదటి మజిలీకి మండలము దాటనక్కరలేదు. గుండ్లకమ్మ ఒడ్డున చందవరములో సింగరకొండపై శాతవాహనుల కాలపు బౌద్ధ మహాస్తూపము కలదు. 1964లో పురావస్తు పరిశోధకులు వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గారు దీనిని గుర్తించగా, 1972 మొదలు 1977 వరకు త్రవ్వకములు సాగినవి. దొనకొండ యనగానే మనకు రెండవ ప్రపంచ యుద్ధ కాలపు విమానాశ్రయము, మీటరుగేజి నాటి రైల్వే కాలనీ గుర్తుకు వచ్చును. అంతకు రెండువేల ఏండ్లకు పూర్వమే ఇచ్చట జనులు స్థిరపడి యుండిరనుట మాతో వచ్చిన వారిలో సగము మందికి తెలియదు. ప్రక్కనే ఏరుండుట భిక్షువులు ఈ గుట్టను ఎన్నుకొనుటకు ఒక కారణమై యుండును.

ఈ గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరము చెంత పుట్టుచున్నది. కంభము చెరువును నింపి, మార్కాపురము వైపు దిగి, మన మండలమును తాకి, అద్దంకి మీదుగా సముద్రములో కలియుచున్నది. మేము చందవరము నుండి పడమటికి బయలుదేరినాము గనుక మా యాత్ర అంతయు ఏటికి ఎదురుగా సాగినదన్నమాట.

మార్కాపురములో చెన్నకేశవస్వామి దర్శనము చేసికొని పలకల కార్ఖానాకు పోయినాము. నలుబది, ఏబది ఏండ్లు దాటిన ప్రతి తెలుగువాడును అక్షరములు దిద్దినది ఈ ఊరి పలక మీదనే అన్నను తప్పులేదు. ఇప్పుడు బడిపిల్లల చేతిలో పలక కనబడుట అరుదు. ఈ రాయి గోడలకు, నేలకు, ఇంటి కప్పులకు పనికివచ్చు బిళ్లలుగా దేశాంతరములకు పోవుచున్నది. అచ్చటి పనివాడు పలుచని ఉలిని రాతి అంచున ఆనించి సుత్తితో తట్టగా బండ పుస్తకపు పుటవలె విడిపోయినది. ఆ పలకపై చెంబెడు నీళ్లు పోయించినాను. నీరు పైననే నిలిచినది గాని లోపలికి ఇంకలేదు. అంచున ఉన్న సన్నని చీలికలోనికి మాత్రము జారిపోయినది.

బోర్ల పెద్దాయన ఆ చీలికనే చాలసేపు చూచినాడు. మార్కాపురము, కంభము చుట్టుపట్ల భూమిలో ఉన్నది ఇదే జాతి రాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ పొరలకు కంభము పేరే పెట్టినారు. దొనకొండ వైపు రాయి వేరైనను గుణము ఇంతే. గట్టి రాతిలో నీరు గింజ నిండ పాలవలె ఉండదు. పగుళ్లలో, సందులలో మాత్రమే ఉండును. పైనున్న పగుళ్లు వానకు నిండును, తోడినకొలది ఖాళీ యగును. లోతునకు పోయినకొలది పగుళ్లు మూసికొనిపోవును. అందుచేత మొదటి బోరు పడినచోటనే నాల్గవది పడకపోవుట దురదృష్టము కాదు. ఒకే సంచిలో నలుగురు చేయి పెట్టుటయే అందుకు కారణము. లోతు నీటిలో ఫ్లోరైడు బాధ ఎంతటిదో కనిగిరి మొదలు మన ప్రాంతపు గ్రామములకు వేరుగా చెప్పనక్కరలేదు.

బేస్తవారిపేట మీదుగా పోవుచుండగా మోక్షగుండము పేరు వచ్చినది. మైసూరు దివానుగాను, గొప్ప ఇంజనీరుగాను పేరొందిన విశ్వేశ్వరయ్య గారి పూర్వులు ఈ ఊరివారే. ఆయన ఇంటిపేరు కూడ ఇదే. ఈ సంగతి బస్సులో ఇద్దరికి మాత్రమే తెలిసియున్నది, వారిద్దరును స్త్రీలే.

ఇక కంభము చెరువు. ఇచ్చట మేము అనుకొన్నదానికంటె రెండు గంటలు ఎక్కువగా నిలిచినాము. అందుకు నేను చింతించుట లేదు. కొండల నడుమ ఉన్న సందులో గుండ్లకమ్మకు, జంపలేరుకు అడ్డముగా కట్ట వేసినారు. గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల భార్య యైన వరదరాజమ్మ దీనిని కట్టించినదని జనులు చెప్పుకొందురు. అయిదు వందల ఏండ్లుగా నిలిచియున్న కట్ట ఇది. చెరువు పొడవు సుమారు 7 కిలోమీటర్లు. కట్ట ఎత్తు 57 అడుగులని ఇరువదవ శతాబ్ది మొదటి లెక్కలలో వ్రాసియున్నారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దీనిని వారసత్వ కట్టడముగా గుర్తించినది. అదే సంవత్సరము కర్నూలు–కడప కాలువకు, పోరుమామిళ్ల చెరువునకు కూడ ఈ గౌరవము దక్కినది.

గౌరవపు సంగతి అట్లుండగా కట్టపై కూర్చుండి ఒక చిన్న లెక్క వేసినాము. చదువరులు కూడ కాగితము తీసికొని వేయవచ్చును. ఈ చెరువులోనికి నీరు దిగు భూమి 430 చదరపు మైళ్లు, అనగా సుమారు 2,75,000 ఎకరములు. చెరువు క్రింద నేరుగా పారు ఆయకట్టు 10,300 ఎకరములని ఆ పాత లెక్కలే చెప్పుచున్నవి. భాగించి చూడుడు. ఒక ఎకరము తడుపుటకు దాదాపు 27 ఎకరముల వానను కూడగట్టినారు! ఆ 430 చదరపు మైళ్లపై ఒక్క అంగుళము వాన కురిసి, చుక్క కూడ ఇంకక ఆవిరి కాక చెరువునకు చేరినదనుకొన్నచో, అది ఇంచుమించు ఒక టి.ఎం.సి. అగును. నిజమునకు చేరునది అందులో కొద్ది భాగమే. అందుకే అంత విశాలమైన అడవి, అన్ని వంకలు కావలసివచ్చినవి.

"అయితే నా రెండెకరాల బోరు వెనకాల ఎన్నెకరాల వానుంది సారూ?" అని పెద్దాయన అడిగినాడు. ఇంతకంటె మంచి ప్రశ్న ఈ యాత్రలో మరెవ్వరు అడుగలేదు. ఆయన పొలము చుట్టునున్న పది పొలములలోను బోర్లున్నవి. అందరి వెనుకను ఉన్నది ఒకే వాన. అది కూడ ఊరి చెరువు నిండని ఏడు భూమిలోనికి దిగదు. దొనకొండ వైపు ఎన్ని చిన్న చెరువులు గట్లు తెగి, తూములు మూసికొనిపోయి, తుమ్మచెట్లతో నిండియున్నవో బస్సులో వారే వరుసగా లెక్కపెట్టినారు.

రాత్రి గిద్దలూరులో బస. భోజనముల పిదప పోరుమామిళ్ల శాసనము సంగతి చెప్పినాను. గిద్దలూరునకు దక్షిణముగా ఉన్న ఆ ఊరి చెరువును 1369లో విజయనగర రాజ కుటుంబమునకు చెందిన భాస్కరుడు కట్టించినాడు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసిరని ఆ శాసనములోనే ఉన్నది. అంతకంటె విలువైనది వేరొకటి కలదు. మంచి చెరువునకు పండ్రెండు అంగములు, ఆరు దోషములు అందులో చెక్కించినారు. ధర్మపరుడైన ప్రభువు, జలశాస్త్రము తెలిసినవాడు, గట్టి బంకనేల, తియ్యని నీటి ఏరు, పొడవు తక్కువైనను దృఢమైన రాతి కట్ట, దాపున రాతి గని, చెంత సారవంతమైన చదునైన పొలములు, పనితనము గల కూలీలు మొదలగునవి ఉండవలెను. కట్ట నుండి నీరు కారుట, చవిటి నేల, రెండు రాజ్యముల ఎల్లపై ఉండుట, నడుమ మెట్ట యుండుట, కొద్దినీటికి పెద్ద ఆయకట్టు, పెద్దనీటికి కొద్ది ఆయకట్టు ఉండుట దోషములు.

రెండు రాజ్యముల ఎల్ల అనగానే అందరును నవ్వినారు. రెండూళ్ల పొలిమేరలో ఉండి ఎవరికిని పట్టక పాడుపడిన కుంటలు ఎవరి మండలములో లేవు! కొద్దినీటికి పెద్ద ఆయకట్టు అను దోషము గురించి మాత్రము ఎవరును నవ్వలేదు. నీరు వచ్చునన్న ఆశతో తాహతుకు మించి మిరప నాటిన వారు ఆ గదిలోనే ఉన్నారు.

నల్లమల దాటుట

రెండవ దినము ఉదయము దిగువమెట్ట వద్ద అడవి ప్రవేశించినాము. గిద్దలూరు–నంద్యాల ఘాట్ రోడ్డు అందము మాటలలో చెప్పుట నా వశము కాదు. వానకాలము వెళ్లిన క్రొత్త గనుక చెట్లింకను పచ్చగనే ఉన్నవి. ఏపె, నల్లమద్ది, ఎగిస, వెదురు. ఈ కొండలగుండనే 1880ల దశకములో రైలు దారి వేసినారు. బొగద సొరంగము, దొరబావి వంతెన ఆనాటివే. 1990లలో పెద్ద లైను వచ్చినపుడు దారి మార్చుటచే ఆ పాత ఇనుప వంతెన పనిలేనిదైనది. దొనకొండలో రైల్వే కుటుంబముల వారు ఇప్పటికిని తమ తండ్రుల నాటి ఆవిరి యింజనులు ఈ కొండ ఎక్కిన కథలు చెప్పుకొందురు.

అడవిలో అనుమతించిన చోట బస్సు నిలిపి, అటవీ సిబ్బంది తోడుగా రోడ్డు ప్రక్కన నాలుగడుగులు నడచినాము. రైతులను ఆకుల క్రింద చేయి పెట్టి చూడుమన్నాను. పైన ఎండుటాకు, దాని క్రింద సగము మురిగినది, దాని క్రింద నల్లని మెత్తని మన్ను. వాన వెలిసి కొన్ని దినములైనను లోపల చెమ్మ ఉన్నది. ఆ వానకే బయటి చేలలో మన్ను పెచ్చుకట్టియున్నది. ఒక అమ్మ ఆ మట్టిని పిడికిట పట్టి వాసన చూచి, "ఇది పేడ దిబ్బ అడుగు మన్నులాగుందయ్యా" అన్నది. ఆమె మాటకు నేను చేర్చవలసినదేమియు లేకపోయినది. కొమ్మ విరుచుట, కోతులకు తిండి వేయుట, ప్లాస్టిక్కు పారవేయుట కూడదని ముందే చెప్పియుంటిమి.

ఘాట్ దిగిన పిదప గాజులపల్లె, అచ్చట నుండి మహానంది. ఈ క్షేత్రపు కోనేరు చూచిన రైతు కన్ను అదరకమానదు. అడుగున వేసిన నాణెము కనబడునంత తేటయైన నీరు ఎండకాలము, వానకాలము అను భేదము లేక ఊరుచునే యున్నది. గుడి నుండి వెలువడిన నీరు చుట్టునున్న అరటితోటలకు, పొలములకు పారుచున్నది. "ఇట్టాంటి ఊట మనకెందుకు లేదు?" అని వెంటనే ఎవరో అడిగినారు. ఊట దేవుని దయ యని నమ్మువారితో నాకు తగవు లేదు. దానితోపాటు కొండ దయయు ఉన్నది. పైనున్న రాయి పగుళ్లు కలది, దానిపై అడవి కలదు. వాన జారిపోక మెల్లగా దిగి, నెలల తరబడి నడచి, కొండ పాదమున బయటపడుచున్నది. ఆ అడవి నరికిన దినమున ఊట ఏమగునో ఊహించుటకు శాస్త్రము అక్కరలేదు.

సాయంత్రము నంద్యాల చేరినాము. అహోబిలము కూడ చూడవలెనని కొందరు పట్టుపట్టినారు గాని దినము చాలదని మానుకొన్నాము. అయిదు దినముల యాత్ర పెట్టుకొన్నవారు ఆళ్లగడ్డ మీదుగా దానిని కలుపుకొనవచ్చును.

నంద్యాలలో ఒక పూట

మూడవ దినము ఉదయము ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము. 1906లో స్థాపించిన ఈ స్థానము నుండి వచ్చిన నరసింహ ప్రత్తి, నంద్యాల సోనా వరి చాలమందికి తెలిసినవే. మాకు ఎక్కువ పనికివచ్చినవి రెండు. యంత్రముతో కోయుటకు వీలుగా నిటారుగా పెరుగు ఎన్.బి.ఇ.జి. 47 శనగ ఒకటి. సుమారు 70, 75 దినములలో చేతికి వచ్చు సూర్యనంది కొర్ర రెండవది. కూలీలు దొరకని చోట మొదటిది, వాన ఆలస్యమైన ఏడు రెండవది ఆలోచింపదగినవి.

ఇచ్చట ఒక హెచ్చరిక. నంద్యాల నల్లరేగడి వేరు, దొనకొండ ఎర్రచెలక వేరు. రేగడి తన ఒడిలో తేమ దాచుకొని ఆ తేమతోనే శనగను పండించును. చెలకకు అంత ఒడి లేదు. నంద్యాలలో చూచినదంతయు ఇంటికి పోయి యథాతథముగా చేయువాడు మరుసటి ఏడు నన్ను తిట్టును. రకము ఎన్నుకొనుటకు ముందు దర్శిలోని పరిశోధన స్థానము వారిని, మీ ఊరి రైతు సేవా కేంద్రమును అడుగుడు. నేల పరీక్ష ఫలితము చేతబట్టుకొని పోయినచో మరింత మంచిది.

నంద్యాల చుట్టును పారు కర్నూలు–కడప కాలువను కూడ చూచినాము. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ నీటిపారుదలకు, పడవల రాకపోకలకు అని దీనిని త్రవ్వించి నష్టపోగా, 1882లో ప్రభుత్వము కొన్నది. కంపెనీ లెక్కలలో నష్టము వ్రాసిన ఆ కాలువ నేటికిని నంద్యాల పొలములకు అన్నము పెట్టుచున్నది.

శ్రీశైలము

మధ్యాహ్నము ఆత్మకూరు మీదుగా మరల అడవి. ఇది నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అభయారణ్యము. రాత్రివేళ ఈ దారిలో వాహనములను వదలరు గనుక ప్రొద్దు ఉండగనే చెక్‌పోస్టు దాటవలెను. చెంచుగూడెములు దారిలో కనబడును. అడవి జాడలు వారికి తెలిసినట్లు ఇతరులకు తెలియవు. పులుల సంరక్షణకు అటవీశాఖ పెట్టుకొన్న కాపలాదారులలో చాలమంది వారే.

శ్రీశైలమునకు రోడ్డు లేని కాలములో భక్తులు కాలినడకన కొండ ఎక్కెడివారు. పదునాల్గవ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు, అహోబిలమునకు మెట్లు కట్టించినాడు. ఉగాది ముందు కన్నడ దేశపు భక్తులు నేటికిని నాగలూటి, పెద్దచెరువు మీదుగా నడచియే వచ్చుచున్నారు. 1677లో శివాజీ ఇచ్చటికి వచ్చినాడు. మల్లికార్జున, భ్రమరాంబల దర్శనము చేసికొని, ప్రాకారపు గోడపై వరుసలు తీరిన ఏనుగులను, వేటలను, శివకథలను తీరికగా చూచినాము. దర్శనము కాగానే ప్రసాదపు వరుసకు పరుగెత్తువారు ఆ గోడను చూడక పోగొట్టుకొనుచున్నారు.

నాల్గవ దినము ఉదయము శిఖరము చూచుకొని ఆనకట్ట వద్దకు పోయినాము. 1963లో పండిత నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన ఈ కట్ట 1980లలో పూర్తియైనది. పండ్రెండు గేట్లు, 885 అడుగుల పూర్తి మట్టము, రెండు గట్లపైన విద్యుత్కేంద్రములు. 2009 అక్టోబరు వరదలో నీరు ఆ మట్టమును కూడ దాటి కొన్ని అడుగులు పైకి లేచినది. ఈ జలాశయము క్రింద మునిగిన గ్రామములు నూటికి పైబడినవి. వారు పొలములు వదలుకొనిరి గనుక నేడు ఎందరో దీపము వెలిగించుకొనుచున్నారు.

రైతులకు నేను చూపదలచినది గేట్ల అందము కాదు. ఈ జలాశయము కట్టిననాడు 308 టి.ఎం.సి.లు పట్టెడిది. ఇరువదియేడు ఇరువది యెనిమిది ఏండ్ల తరువాత కొలిచి చూడగా 215 టి.ఎం.సి.లకు తగ్గినది. తక్కిన చోటంతయు ఒండ్రు. ఆ ఒండ్రు ఎచ్చటిది? కృష్ణకు, తుంగభద్రకు నీరిచ్చు మూడు నాలుగు రాష్ట్రముల చేల పైమన్ను అది. గట్టు లేని చేను, వాలునకు దున్నిన చేను, చెట్టు కొట్టిన గుట్ట, అన్నియు కలసి ఇచ్చటికి చేరినవి. తగ్గినది 93 టి.ఎం.సి.ల చోటు. మనము ఏండ్ల తరబడి ఎదురుచూచుచున్న వెలిగొండకు కావలసినది 43 1/2 టి.ఎం.సి.లు. మనకు కావలసినదానికి రెండింతలకు మించిన చోటును మన్ను ఆక్రమించుకొన్నది. ఈ ముక్క విన్నపుడు కట్టపై కొంతసేపు ఎవరును మాటలాడలేదు.

దోర్నాల మీదుగా ఇంటికి

శ్రీశైలము నుండి దోర్నాలకు సుమారు 50 కిలోమీటర్ల ఘాట్. దోర్నాల మండలములో కొత్తూరు చెంత వెలిగొండ సొరంగములు కొండలోనుండి బయటపడును. శ్రీశైల జలాశయములో కొల్లంవాగు వద్ద వరదనీరు తీసికొని, నల్లమల గర్భమున 18.8 కిలోమీటర్లు నడిపి, కాలువ ద్వారా సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల సందుల వద్ద కట్టలు వేసిన నల్లమల సాగరములో నింపుట ఈ పథకము. 1996లో శంకుస్థాపన జరిగినది. పోరాటయోధుడు పూల సుబ్బయ్య గారి పేరు దీనికి పెట్టినారు. 2024 మార్చిలో జంట సొరంగములను జాతికి అంకితము చేసినారు. పూర్తి లక్ష్యము 4,47,000 ఎకరముల సాగు, 15 లక్షల మందికి పైగా త్రాగునీరు. మునక గ్రామముల వారి పునరావాసము, కాలువల పని ఎంత త్వరగా పూర్తియైన అంత మేలు.

"ఇంక బోరెందుకు, ఈ నీళ్లొస్తే సాలు" అని ఒక యువకుడు అన్నాడు. పెద్దాయన అతని వైపు తిరిగి, "వచ్చేదాకా ఏం తాగుతావు అబ్బాయ్? వచ్చినాక మీ ఊరి చెరువుకు గట్టు లేకపోతే యాడ పోసుకుంటావు?" అన్నాడు. ఆయన బస్సెక్కిన నాటి ప్రశ్నకు ఆయనయే దారి వెదకుకొనుచున్నాడని నాకు తోచినది.

తిరుగు ప్రయాణములో ఆయనకు నేను చెప్పిన లెక్క అందరికిని పనికివచ్చును. ఒక అంగుళము వాన ఒక ఎకరముపై పడినచో సుమారు లక్ష లీటర్ల నీరు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు గల నీటికుంట నిలువు గోడలతో నున్నచో రెండు లక్షల లీటర్లు పట్టును. ఒడ్లకు వాలు పెట్టుదుము గనుక కొంత తగ్గును. చెలకలో ఇంకుడు ఎక్కువ గనుక అడుగున బంకమన్ను మెత్తవలెను, లేదా రేకు పరచవలెను. కంది పూత, కాయ దశలలో బెట్ట వచ్చినపుడు తుంపరగా ఒక్క తడి ఇచ్చినను పంట నిలబడును. చేను వాలునకు అడ్డముగా దున్నుట, గట్టున ఆముదమో కందియో వేయుట కుంట కంటె ముందు పని. లేనిచో కుంట కూడ శ్రీశైలము దారియే పట్టి పూడిపోవును. అయిదవ బోరు వేయుమనియు వద్దనియు నేను చెప్పలేదు. వేయదలచినచో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకై 2002లో వచ్చిన చట్టము ప్రకారము ముందు అనుమతి కావలెననియు, భూగర్భజల శాఖ వారిచే చూపించుకొనవలెననియు మాత్రము చెప్పినాను.

ఇట్టి యాత్ర చేయదలచిన గ్రామములకు కొన్ని మాటలు. మార్గశిర మాసము అనువైనది. కార్తీకపు రద్దీ తగ్గియుండును, చెరువులలో నీరుండును, శనగ విత్తుట ముగిసియుండును. ఆత్మ పథకము క్రింద రైతుల విజ్ఞాన యాత్రలకు అవకాశము కలదు గనుక ముందుగనే మండల వ్యవసాయాధికారికి అర్జీ పెట్టుకొనవలెను. శ్రీశైలములో బసను వారము ముందే మాట్లాడుకొనవలెను. స్త్రీలను తప్పక తీసికొనిపోవలెను. ఇంట నీటి కరవు మొదట తెలియునది వారికే. ఒక నోటుపుస్తకము ఇద్దరికైనను ఉండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా గ్రామ సర్వేయరును వదలిపెట్టరాదు.

మేము తిరిగి వచ్చిన పది దినములకు ఒక గ్రామములో ఏమి జరిగినదో చెప్పినచో దీనికి కారణము తెలియును. ఆ ఊరి చెరువునకు గుట్టల వైపు నుండి నీరు తెచ్చు వరవ కాలువ ఎచ్చట నున్నదో పెద్దలకు తెలుసు, పిల్లలకు తెలియదు. మాతో వచ్చిన సర్వేయరు పటము తెచ్చినాడు. రెవెన్యూ అధికారి, నీటి సంఘము వారు, యాత్రకు వచ్చిన రైతులు కలసి గుట్ట నుండి చెరువు దాక నడచినారు. పటములో ఉన్న వెడల్పు భూమిపై మూడు చోట్ల లేదు. ఒకచోట ఇటుకబట్టీ కోసము పోసిన మన్ను అడ్డుపడినది. దానిని ఆసామి తానే ఎత్తించెదనన్నాడు. రెండవ చోట కాలువను కలుపుకొని దున్నినవాడు మన బోర్ల పెద్దాయన. ఆయన ఏమియు అనక టేపు రెండవ కొన పట్టుకొని తన కందిచేనులోనికి నడచినాడు. అచ్చట రాళ్లు పాతినారు. కంది కోత కాగానే కాలువ త్రవ్వుకొనవచ్చునని ఒప్పుకొన్నాడు. మూడవ చోట తగవు ఇంకను తెగలేదు. ఇరుపక్షములును తహసీల్దారు కచ్చేరికి పోయియున్నవి. నైరుతి వానలకు ముందు అదియు తేలినచో ఆ చెరువునకు ఈ ఏడు ఎంత నీరు చేరినదో కొలిచి చెప్పుదుమని సర్వేయరు అనుచున్నాడు. కొలబద్ద రాయి ఇప్పటికే తూము ప్రక్కన పాతినారు.